మంచి పుస్తకానికి చిరునామా.. కొమర్రాజు

* చదవదగ్గ పుస్తకం లేదని తెలిసి రాయించిన మహనీయుడు
* మునేటి ఒడ్డున పుట్టి తెలుగు విజ్ఞానానికి బాట వేసిన లక్ష్మణరావు

పెనుగంచిప్రోలు: గ్రంథాలయంలో అడుగుపెట్టిన పాఠకుడు గ్రంథపాలకుణ్ని అడిగే మొదటి మాట, చదవదగ్గ మంచి పుస్తకం ఏదైనా ఉందా అని. నూట పాతికేళ్ల కిందట తెలుగు తప్ప మరో భాష రాని ఒక రైతో, గుమాస్తానో, గృహిణో ఈ ప్రశ్న వేసి ఉంటే వారి చేతికి అందేవి కావ్యాలు, పురాణాలు, శతకాలు, కొద్దిపాటి వచన గ్రంథాలు మాత్రమే. అవి గొప్పవే. అయితే ఊరిని ఊడ్చేస్తున్న కలరా ఎలా వస్తుందో, పైరు మట్టినుంచి ఏం తీసుకుంటుందో, మన ముందు ఈ నేలను ఎవరు ఏలారో, దేశంలోని సంపద ఎటు పోతోందో తెలుసుకోవాలనుకున్న తెలుగు పాఠకుడికి చూపించడానికి పుస్తకాలు లేవనే చెప్పాలి. ఉన్నవన్నీ ఆంగ్లంలో ఉండేవి. ఆంగ్లం నేర్చినవారు వేళ్ల మీద లెక్కించదగినంత మంది.

ఆ లోటును గుర్తించి, దానిని పూడ్చడానికే జీవితాన్ని వెచ్చించినవారు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. పెనుగంచిప్రోలు పేరు వినగానే ఎవరికైనా తిరుపతమ్మ అమ్మవారి ఆలయం, మునేరు, తిరునాళ్ల జనసందోహం గుర్తుకు వస్తాయి. తెలుగువారికి చరిత్రను, విజ్ఞానశాస్త్రాలను వారి భాషలోనే చదివించిన పెద్దమనిషి సైతం ఈ ఊరి బిడ్డే అన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. ఏటా మే 18న ఆయన జయంతి. ఈ సందర్భంగా ఆయన జీవితాన్ని, మంచి పుస్తకం కోసం ఆయన సాగించిన కృషిని మననం చేసుకోవడం సముచితం.

మునేటి ఒడ్డు నుంచి నాగపూరుకు

లక్ష్మణరావు 1877 మే 18న వెంకటప్పయ్య, గంగమ్మ దంపతులకు పెనుగంచిప్రోలులో జన్మించారు. అప్పట్లో ఈ గ్రామం కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. పసితనంలోనే తండ్రిని కోల్పోయిన ఆయనకు అక్క అచ్చమాంబ ఇల్లే ఆశ్రయమైంది. అచ్చమాంబ భర్త భండారు మాధవరావు నాగపూరు ప్రాంతంలో ఇంజనీరుగా పనిచేసేవారు. తమ్ముణ్ని దగ్గర ఉంచుకొని చదివించే బాధ్యతను ఆ దంపతులు తీసుకున్నారు.

నాగపూరు చదువు లక్ష్మణరావు దృష్టిని మార్చివేసింది. అక్కడ ఆయన మరాఠీని మాతృభాషతో సమానంగా అభ్యసించారు. ఆ భాషలో వ్యాసాలు రాసే స్థాయికి చేరుకున్నారు. మహారాష్ట్రలో అప్పటికే పత్రికలు, చరిత్ర పరిశోధన, గ్రంథమాలలు ఊపందుకున్నాయి. మరాఠీ తప్ప మరేమీ తెలియని సామాన్యుడు సైతం తన దేశ చరిత్రను, ప్రపంచ విషయాలను తన భాషలో చదువుకొంటున్నాడు. ఆ వాతావరణంలో పెరిగిన తెలుగు విద్యార్థికి తన భాషలోని కొరత కొట్టొచ్చినట్లు కనిపించడంలో ఆశ్చర్యం లేదు. పొరుగువాడి ఇంట పంట పండితే మన చేను ఎందుకు బీడుగా ఉందన్న ఆలోచన ఆనాడే ఆయన మనసులో నాటుకుంది. తర్వాతి కాలంలో ఆయన చేసిన పనులన్నింటికీ బీజం అక్కడే పడింది. పట్టభద్రులైన అనంతరం ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి ఎం.ఏ. పట్టా పొందారు.

తొలి పాఠకురాలు అక్కే

లక్ష్మణరావు పుస్తకాల ఉద్యమానికి తొలి పాఠకురాలు ఇంట్లోనే ఉన్నారు. ఆమె అక్క అచ్చమాంబే. 1874లో జన్మించిన ఆమెకు చిన్న వయసులోనే పెళ్లి చేశారు. బడి మొహం చూసే అవకాశం లేకపోయింది. తన ఇంట ఉండి చదువుకొంటున్న తమ్ముడే ఆమెకు గురువయ్యాడు. ఆయన సాయంతో ఆమె తెలుగు, హిందీ, మరాఠీ భాషలు నేర్చుకున్నారు. దొరికిన ప్రతి పుస్తకాన్నీ చదివారు.

చదువు రాని ఇల్లాలిగా జీవితం ప్రారంభించిన అచ్చమాంబ భారతదేశపు ప్రసిద్ధ స్త్రీల జీవితాలను సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అనే గ్రంథం రచించారు. 1901లో అది వెలువడింది. 1902లో ఆమె రాసిన 'ధన త్రయోదశి'ని తెలుగులో తొలి కథల వరుసలో నిలిపేవారు ఉన్నారు. అదే ఏడాది మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజ స్థాపనలో ఆమె పాలుపంచుకున్నారు. 1905లో, ముప్పై ఏళ్ల వయసులోనే ఆమె కన్నుమూశారు. తమ్ముడికి అది తీరని లోటు. తర్వాత తన కుమార్తెకు అక్క పేరే పెట్టుకున్నారు. ఆ కుమార్తె డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ వైద్యురాలై, 1957లో విజయవాడనుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

సరైన వేళ సరైన పుస్తకం అందితే మనిషి ఎంత ఎత్తుకు ఎదగగలడో చెప్పడానికి లక్ష్మణరావుకు మరో నిదర్శనం అవసరం లేకపోయింది. అక్క విషయంలో ఆయన చేసింది రెండే పనులు. చదవడం నేర్పారు. చదవడానికి ఏదో ఒకటి అందుబాటులో ఉంచారు. ఈ రెంటినీ తెలుగుదేశమంతటికీ విస్తరింపజేయడమే ఆయన మిగిలిన జీవితం.

మునగాల కొలువు, భాగ్యనగరిలో భాషానిలయం

చదువు ముగిశాక లక్ష్మణరావు మునగాల సంస్థానంలో చేరి, రాజా నాయని వెంకటరంగారావు వద్ద దివానుగా పనిచేశారు. నాలుగు వైపులా నిజాం రాజ్యం ఉన్నా మునగాల పరగణా మాత్రం బ్రిటిష్ పాలనలోని కృష్ణా జిల్లాకు చెంది ఉండేది. ప్రస్తుతం అది తెలంగాణలోని సూర్యాపేట జిల్లాలో ఉంది. ఈ భౌగోళిక పరిస్థితి వల్ల లక్ష్మణరావుకు ఇటు మద్రాసు రాజధానిలోని ఆంధ్రులతోను, అటు హైదరాబాదు రాజ్యంలోని తెలుగువారితోను సమానంగా సంబంధాలు ఏర్పడ్డాయి. జమీందారు సైతం విద్యాభిమాని కావడంతో దివానుకు చేయూత లభించింది.

నిజాం రాజ్యంలో అప్పట్లో పాలన, చదువు ఉర్దూలో సాగేవి. ప్రజల్లో పెద్ద భాగం తెలుగువారే అయినా రాజధాని నగరంలో తెలుగు పుస్తకం దొరికే చోటు లేదు. ఈ పరిస్థితిలో 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. రావిచెట్టు రంగారావు తన ఇంటినే అందుకు వేదిక చేశారు. లక్ష్మణరావు, మునగాల రాజా, ఆదిపూడి సోమనాథరావు వంటి మిత్రులు అండగా నిలిచారు. అప్పటికి లక్ష్మణరావు వయసు ఇరవై నాలుగేళ్లు. సుల్తాన్ బజారులోని భాషానిలయం తెలంగాణ గ్రంథాలయోద్యమానికి మాతృసంస్థగా చరిత్రలో నిలిచింది.

అంతటితో ఆయన ఆగలేదు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం ఏర్పడ్డాయి. వీటి వెనుక సైతం లక్ష్మణరావు ప్రోత్సాహం ఉంది. నందిగామ తాలూకాలోనే పొక్కునూరులో పుట్టి, ఆ తర్వాత తెలంగాణలో ఆంధ్రోద్యమానికి నాయకత్వం వహించిన మాడపాటి హనుమంతరావు వంటివారు ఈ గ్రంథాలయాల వాతావరణంలోనే ప్రజాజీవితానికి అలవడ్డారు. 1921లో హైదరాబాదులో ఆంధ్ర జనసంఘం పుట్టే నాటికి ఈ భాషానిలయాలు ఇరవై ఏళ్లుగా నేలను దున్ని సిద్ధం చేసి ఉంచాయి.

ఖాళీ అరల పాఠం

గ్రంథాలయం పెట్టడం ఒక ఎత్తు, దానిని నింపడం మరో ఎత్తు. భవనం ఉంది, బల్లలు ఉన్నాయి, చదివేవారూ వస్తున్నారు. ప్రబంధాలు, నాటకాలు అరల్లో చేరాయి. చరిత్ర, ప్రకృతి శాస్త్రాలు, వైద్యం, వ్యవసాయం, ఆర్థిక విషయాల అరలు మాత్రం నిండేలా లేవు. కొనడానికి డబ్బు లేక కాదు, తెలుగులో ఆ పుస్తకాలే లేక. లేని పుస్తకాన్ని ఎంత మంచి గ్రంథపాలకుడైనా సిఫారసు చేయలేడు.

సాధారణంగా ఇలాంటి చోట పెద్దలు విచారం ప్రకటించి ఊరుకుంటారు. లేదా ఇంగ్లీషు నేర్చుకోమని సలహా ఇస్తారు. లక్ష్మణరావు ఆ రెండూ చేయలేదు. ఏయే విషయాల మీద పుస్తకాలు కావాలో ముందుగా జాబితా వేసుకొని, ఆ విషయం తెలిసినవారిని వెదికి పట్టుకొని, వారిచేత తెలుగులో రాయించాలని సంకల్పించారు. ఆ సంకల్పానికి రూపమే 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా గ్రంథ మండలి.

మండలికి రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, మునగాల రాజా తోడుగా నిలిచారు. వీరిలో కాళేశ్వరరావు నందిగామ వాస్తవ్యులు. 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతి ఆయనే. కర్నూలు జిల్లాకు చెందిన గాడిచర్ల ఆ తర్వాత గ్రంథాలయోద్యమ నాయకుడిగా, వయోజన విద్యా ప్రచారకుడిగా పేరు పొందారు. వీరంతా అప్పటికి ముప్పై ఏళ్లు అటూ ఇటూ ఉన్న యువకులే కావడం గమనార్హం.

లింకన్‌తో శ్రీకారం

మండలి తొలి ప్రచురణ గాడిచర్ల రచించిన అబ్రహాం లింకన్ చరిత్ర. 1907లో అది వెలుగు చూసింది. ఎక్కడో అమెరికా అధ్యక్షుడి జీవితంతో తెలుగు గ్రంథమాల ప్రారంభం కావడం పైకి వింతగా తోచవచ్చు. ఆలోచిస్తే ఆ ఎంపికలోని ఔచిత్యం బోధపడుతుంది. లింకన్ బడికి వెళ్లింది బహు తక్కువ. ఎరువు తెచ్చుకున్న పుస్తకాలు చదివి పైకి వచ్చిన పేదింటి బిడ్డ ఆయన. బానిసత్వానికి స్వస్తి చెప్పిన నేత. బడికి దూరమై, పరాయి పాలనలో ఉన్న తెలుగు పాఠకుడికి తొలి పుస్తకంగా ఇంతకన్న తగినది దొరకడం కష్టమే.

ఆపై వరుసగా గ్రంథాలు వెలువడ్డాయి. లక్ష్మణరావు స్వయంగా 'హిందూ మహాయుగము', 'మహమ్మదీయ మహాయుగము' అనే చరిత్ర గ్రంథాలు రాశారు. శివాజీ చరిత్రను సైతం ఆయన తెలుగువారికి అందించారు. వైద్యుడైన ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం మీద రాశారు. పదార్థ విజ్ఞానం, రసాయన శాస్త్రం, వ్యవసాయం మీద పుస్తకాలు వచ్చాయి. చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' తొలి భాగం 1910లో మండలి ద్వారానే వెలువడింది. తెలుగువారి పూర్వ చరిత్రను శాసనాల ఆధారంగా తెలుగులో సమగ్రంగా చెప్పడానికి జరిగిన తొలి గట్టి ప్రయత్నాల్లో అదొకటి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షుడైన కట్టమంచి రామలింగారెడ్డి 'అర్థశాస్త్రము' సైతం ఈ మాలలోని పుస్తకమే.

ఈ పుస్తకాల పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తే లక్ష్మణరావు పుస్తకాన్ని ఎంచిన పద్ధతి తెలుస్తుంది. మొదటిది, ఆ విషయం తెలుగులో అప్పటివరకు లేనిదై ఉండాలి. ఉన్న దానికే మరొకటి చేర్చడం మీద ఆయనకు ఆసక్తి లేదు. రెండోది, రాసేవాడికి విషయం తెలిసి ఉండాలి. పేరున్న కవిచేత శాస్త్రం రాయించడం కాక, వైద్యుడి చేత జీవశాస్త్రం, ఆర్థిక విషయాలు అభ్యసించినవాడి చేత అర్థశాస్త్రం రాయించారు. మూడోది, చదివేవాడికి అర్థం కావాలి. పండితులు మాత్రమే మెచ్చే కఠిన గ్రాంథికానికి బదులు సరళమైన శైలినే మండలి ఎంచుకొంది. నాలుగోది, వెల అందుబాటులో ఉండాలి. చందాదారులను చేర్చుకొని, చౌకగా, క్రమం తప్పకుండా పుస్తకాలు పంపే ఏర్పాటు చేశారు. మారుమూల పల్లెలో ఉన్నవాడికి పుస్తకాల దుకాణం ఉండదు. టపా మాత్రం ఉంటుంది. ఆ సంగతిని మండలి గ్రహించింది.

మంచి పుస్తకం ఏదో చెప్పడానికి నేటికీ ఇంతకన్న మేలైన కొలబద్ద కనిపించదు.

కథతో పిలిచి చరిత్రలోకి..

1908లో మండలి కార్యస్థానం మద్రాసుకు మారింది. ముద్రణాలయాలు, కళాశాలలు, పత్రికలు ఉన్న ఆ నగరంలో రచయితలను వెదకడం తేలికైంది. అయితే అదే సమయంలో కష్టాలూ ఎదురయ్యాయి. స్వరాజ్య పత్రికలో రాసిన రాతలకు గాను గాడిచర్ల 1908లో కారాగారం పాలయ్యారు. 1910లో రావిచెట్టు రంగారావు చిన్న వయసులోనే మరణించారు. అక్క, ఆ తర్వాత ప్రాణమిత్రుడు ఐదేళ్ల వ్యవధిలో దూరమైనా లక్ష్మణరావు చేపట్టిన పని ఆగలేదు.

శాస్త్ర గ్రంథాలను తలపెట్టిన మండలి నవలలనూ ప్రచురించింది. దీన్ని కొందరు వింతగా చూసి ఉండవచ్చు. రసాయన శాస్త్రం పేరు వినగానే బెదిరే పాఠకుడు సైతం కథ అంటే దగ్గరకు వస్తాడు. ఒకసారి వచ్చినవాణ్ని చేయిపట్టి చరిత్రలోకి నడిపించవచ్చు. ఆ ఉద్దేశంతోనే చారిత్రక నవలలకు పోటీలు పెట్టి బహుమతులు ఇచ్చారు. దుగ్గిరాల రాఘవచంద్రయ్య 'విజయనగర సామ్రాజ్యము', కేతవరపు వెంకటశాస్త్రి 'రాయచూరు యుద్ధము' వంటివి మండలి ద్వారా వచ్చినవే. కృష్ణదేవరాయల పేరును పద్యాల్లో మాత్రమే విన్న పాఠకులు ఈ నవలల ద్వారా ఆయన యుద్ధాలను, రాజనీతిని తెలుసుకున్నారు. చదివే అలవాటు లేనివారికి చదువును అలవాటు చేసే ఉపాయం ఇది.

ఇదే కాలంలో ఆంధ్రదేశంలో గ్రంథాలయాలు ఊరూరా మొలకెత్తాయి. 1914లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటి కార్యకర్తలు పల్లెపల్లెకు గ్రంథాలయాన్ని చేరవేశారు. వారు స్థాపించిన అరలను నింపడానికి కొత్త తరహా పుస్తకాలు సిద్ధంగా ఉన్నాయంటే, అందుకు ఎనిమిదేళ్ల ముందు పుట్టిన మండలి కారణం. పుస్తకం లేని గ్రంథాలయం, గ్రంథాలయం లేని పుస్తకం రెండూ నిష్ప్రయోజనాలే. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు రావడం తెలుగువారి అదృష్టం.

సకల విజ్ఞానం ఒక్కచోట

ఎన్ని పుస్తకాలు వేసినా పాఠకుడి ప్రశ్నలన్నింటికీ జవాబు చెప్పడం సాధ్యం కాదు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పుస్తకం వెదకడం సామాన్యుడికి భారం. అందువల్ల సమస్త విషయాలను అకారాది క్రమంలో ఒకేచోట చేర్చే మహాగ్రంథం తెలుగులో ఉండాలని లక్ష్మణరావు తలపోశారు. ఆంగ్లంలో ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అప్పటికే ప్రసిద్ధం. వంగభాషలో నగేంద్రనాథ వసు 22 సంపుటాల విశ్వకోశాన్ని 1911 నాటికి పూర్తి చేశారు. తెలుగులో అలాంటి ప్రయత్నం అంతకుముందు ఈ స్థాయిలో జరగలేదు. మరాఠీలో కేత్కర్ జ్ఞానకోశం సంపుటాలు వెలువడింది 1920 తర్వాతే. చిన్ననాడు మరాఠీని చూసి నేర్చుకున్న తెలుగువాడు ఈ ఒక్క విషయంలో వారికన్న ముందే అడుగు వేయడం విశేషం.

'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' పేరుతో ఈ పని 1912-13లో మొదలైంది. లక్ష్మణరావు ప్రధాన సంపాదకుడు. చెరసాలనుంచి విడుదలైన గాడిచర్ల ఆయనకు తోడయ్యారు. యువ పరిశోధకుడు మల్లంపల్లి సోమశేఖరశర్మ, కవి రాయప్రోలు సుబ్బారావు వంటివారు ఈ కార్యాలయంలో పనిచేశారు. ఒక తరం తెలుగు పండితులకు అది పాఠశాల వంటిది. ముఖ్యంగా సోమశేఖరశర్మ ఆ తర్వాత తెలుగువారి చరిత్ర పరిశోధనలో అగ్రగణ్యుడయ్యారు.

పని మాత్రం కొండను తవ్వినట్లే ఉండేది. ప్రతి వ్యాసానికీ విషయం తెలిసిన రచయితను వెదకాలి. ఆంగ్లంలోని శాస్త్ర పదాలకు తెలుగు మాటలు కూర్చాలి. వచ్చిన రచనను సరిచూడాలి, ఒకే పద్ధతిలోకి తేవాలి. ఎన్నో వ్యాసాలను లక్ష్మణరావు స్వయంగా రాసుకోవలసి వచ్చింది. నెలనెలా భాగాలుగా వెలువడి, మూడు సంపుటాలు పూర్తయ్యాయి. అయినా అక్షరక్రమంలో మొదటి అక్షరమైన 'అ' దాటలేదు. పని అక్కడితో నిలిచిపోయింది.

ఆయన ఎంచుకున్న ప్రమాణం ఎంత ఉన్నతమో ఈ ఒక్క విషయమే చెబుతుంది. పైపైన రాసి త్వరగా ముగించి ఉంటే 'క్ష' వరకు వెళ్లి ఉండేవారు. చదివినవాడికి మళ్లీ మరో పుస్తకం వెదుక్కునే అవసరం రాకూడదన్నంత వివరంగా ఒక్కో వ్యాసాన్ని తీర్చిదిద్దడంతో సంపుటాలు పెరిగాయి, కాలం చాలలేదు.

వేదవిలాస్‌లో తుది ఘడియలు

మద్రాసులో లక్ష్మణరావు నివాసం వేదవిలాస్. ఆ ఇల్లు తెలుగు రచయితలకు, పరిశోధకులకు కూడలిగా ఉండేది. కవుల చరిత్రను సంస్కరించే పనిలో ఉన్న కందుకూరి వీరేశలింగం 1919 మే 27న ఆ ఇంట్లోనే తుదిశ్వాస విడిచారు. తెలుగు వచనానికి దారి చూపిన వృద్ధుడు, ఆ దారిలో విజ్ఞానాన్ని నడిపించిన నడివయస్కుడు చివరి రోజుల్లో ఒకే కప్పు కింద ఉండడం చరిత్రలో గుర్తుంచుకోదగ్గ సన్నివేశం.

నిలిచిపోయిన విజ్ఞాన సర్వస్వాన్ని మళ్లీ మొదలుపెట్టాలన్న తపన లక్ష్మణరావును చివరివరకు వీడలేదు. సంస్థాన బాధ్యతలు, శాసన పరిశోధన, మండలి పని, విజ్ఞాన సర్వస్వం అన్నీ ఒక్కరి భుజాల మీదే ఉండేవి. అనారోగ్యం సైతం ఆయనను బాధించేది. 1923 జూలైలో మద్రాసులో ఆయన కన్నుమూశారు. వయసు 46 ఏళ్లు మాత్రమే. ఆయన పరిశోధన వ్యాసాలు 'లక్ష్మణరాయ వ్యాసావళి' పేరుతో గ్రంథరూపం పొందాయి.

ఆగని బాట

తలపెట్టిన పని అసంపూర్తిగా మిగిలినా బాట మాత్రం మూతపడలేదు. ఆయన పేరుతో హైదరాబాదులో నడిచిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణ శాసనాల సంపుటాన్ని ప్రకటించింది. ఆంధ్రపత్రిక అధిపతి కాశీనాథుని నాగేశ్వరరావు 1930వ దశకంలో విజ్ఞాన సర్వస్వాన్ని తిరిగి చేపట్టారు. 1938లో ఆయన మరణంతో అదీ ఆగింది. 1947లో మద్రాసులో ఏర్పడిన తెలుగు భాషా సమితి విషయాలవారీగా విజ్ఞాన సర్వస్వ సంపుటాలను వెలువరించింది. ఒకరు దించిన బరువును మరొకరు ఎత్తుకొంటూ వచ్చారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో స్వచ్ఛందంగా వ్యాసాలు రాసేవారికి ఇచ్చే పురస్కారానికి కొమర్రాజు పేరే పెట్టడం ఆ పరంపరకు గుర్తింపు. జీతం లేకుండా, తెలిసిన విషయాన్ని తెలియనివారి కోసం తెలుగులో రాసే వందలాది మంది ఆయన విడిచిన అక్షరం నుంచి ముందుకు సాగుతున్నారు.

మండలి పుస్తకాలు చాలావరకు దుకాణాల్లో దొరకవు. అయితే వాటిలో పలు గ్రంథాలు, విజ్ఞాన సర్వస్వ సంపుటాలు స్కానింగ్ రూపంలో అంతర్జాలానికి చేరాయి. 'ఆంధ్రుల చరిత్రము' వికీసోర్స్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఉపాధ్యాయులు, విద్యార్థులు సెల్‌ఫోనులోనే వాటిని తెరచి చూడవచ్చు.

నేటి పాఠకుడి కష్టం వేరు

లక్ష్మణరావు నాటి పాఠకుడికి పుస్తకాలు లేకపోవడం కష్టం. నేటి పాఠకుడికి అవి మితిమీరి ఉండడమే కష్టం. ఏది చదవాలో తెలియని అయోమయంలో పిల్లలు పోటీ పరీక్షల గైడ్ల దగ్గరే ఆగిపోతున్నారు. ఇంట్లో పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం లేని కుటుంబాలు పల్లెల్లో అనేకం. పిల్లలకు ఏ పుస్తకం ఇవ్వాలో చెప్పే పెద్దలు తగ్గిపోయారు. బడిలో గ్రంథాలయానికి ఒక పిరియడ్ కేటాయించినా, పిల్లవాడి మనసెరిగి పుస్తకం తీసి ఇచ్చే చెయ్యి లేకపోతే ఆ పిరియడ్ వృథాయే.

ఈ చోట పెనుగంచిప్రోలు బిడ్డ అనుసరించిన పద్ధతి అక్కరకు వస్తుంది. చదివేవాడికి ఏమి తెలియదో ముందు గుర్తించాలి. ఆ విషయం నిజంగా తెలిసినవాడు రాసిన పుస్తకాన్ని వెదకాలి. అది వాడి భాషలో, వాడికి అర్థమయ్యే శైలిలో, వాడి స్తోమతకు తగిన వెలలో ఉందో లేదో చూడాలి. కథతో మొదలుపెట్టి శాస్త్రం వరకు తీసుకువెళ్లాలి. అలాంటి పుస్తకం లేదని తేలితే, రాయగలవాణ్ని ఒప్పించి రాయించాలి. ఈ పనికి పెద్ద పదవులు, నిధులు అక్కర్లేదు. ఒక ఉపాధ్యాయుడు తన తరగతికి, ఒక తల్లి తన ఇంటికి, ఒక యువజన సంఘం తన ఊరికి ఈ పని చేయవచ్చు. లక్ష్మణరావు సైతం తన అక్క ఒక్కరితోనే ప్రారంభించారు.

మే 18న స్వగ్రామంలో ఆయన చిత్రపటానికి పూలమాల వేయడం మంచిదే. ఆ రోజున ఊరిలోని ప్రతి బడిపిల్లవాడి చేతికి వాడికి తగిన ఒక మంచి పుస్తకం అందించగలిగితే, అది ఆయన పేరుకు మరింత తగిన నివాళి అవుతుంది. తిరుపతమ్మ తిరునాళ్లకు తరలివచ్చే జనానికి ఊరి పొలిమేరలో ఈ గ్రంథతపస్వి పేరును పరిచయం చేసే ఫలకం ఒకటి కనిపించినా, ఈ నేల తన బిడ్డను గుర్తుంచుకున్నట్లే.